మోకాళ్ల మధ్య దిండు

మా అమ్మాయి తుంటి ఎముక గిన్నెలోంచి జారిపోయిందని గుంటూరు డాక్టరు చెప్పినప్పుడు నాకు మొదట ఏడుపు రాలేదు. ఎవర్ని పట్టుకోవాలా అనిపించింది. ఎవరో ఒకరు దొరకాలి, నలుగురిలో నిలబెట్టి కడిగెయ్యాలి. నా స్వభావమే అంత. మూడో తరగతిలో నా బలపం విరిచిన పిల్లని ఏడాది పాటు గుర్తు పెట్టుకుని, దాని పలక పగలగొట్టిందాకా నిద్రపోలేదు. అలాంటి మనిషి చేతికి అలాంటి ఎక్స్‌రే ఇచ్చారు.

సంగతి మొదటి నుంచి చెప్తాను. పిల్లకి నాలుగేళ్లప్పుడు మేమెక్కిన ఆటో రేపల్లె దారిలో కాలవలోకి బోల్తా పడింది. నాకు మోచెయ్యి గీరుకుపోయింది. పిల్లకి వెన్నుపాము దెబ్బతింది. నడుము దగ్గర్నుంచి కిందికి స్పర్శ లేదు, తనంతట తాను కాలు కదపలేదు. ఇక నడవదని చెప్పేశారు. దానికి ఏడవాల్సిందంతా ఆ ఏడాదే ఏడ్చేశాను, ఇక్కడ మళ్లీ మొదలుపెట్టను.

నడవని పిల్లకి కూర్చోవడమే అన్నీ. తినడం, రాయడం, బస్సు కిటికీలోంచి చూడడం, తోటి పిల్లలతో పోట్లాడడం, అన్నీ కూర్చునే చెయ్యాలి. ఈ మాట నాకు మొదట చెప్పింది తెనాలిలో ఫిజియోథెరపీ చేసే ఒక అమ్మాయి. ఇరవై అయిదేళ్లుంటాయేమో, చెవులకి చిన్న దిద్దులు, గొంతు మాత్రం హెడ్‌మాస్టరుది. పిల్లని బల్ల మీద పడుకోబెట్టి తొడలు రెండూ ఎడం చేసి చూపించింది.

"అక్కా, ఇటు చూడు. చచ్చుబడిన కాళ్లు మెత్తగా పడుంటాయనుకుంటారు అందరూ. ఈ లోపలి తొడ కండలున్నాయే, ఇవి వాటంతటవే బిగుసుకుని రెండు మోకాళ్లనీ దగ్గరికి లాగుతుంటాయి. లాగీ లాగీ తుంటి దగ్గర బంతి గిన్నెలోంచి బయటికొచ్చేస్తుంది. చిన్నపిల్ల కదా, గిన్నె ఇంకా గట్టిపడలేదు. పెద్దాళ్లకి ఇంతగా కాదు. పిల్లలకే ఈ బెడద."

"నొప్పంటే చెప్తుందిగా?"

"నొప్పి తెలిస్తే కదక్కా! అక్కడ స్పర్శే లేదు. ఎముక ఊడొచ్చినా నవ్వుతూనే ఉంటుంది. అందుకే చెప్పేది. కూర్చున్నా పడుకున్నా మోకాళ్ల మధ్య దిండుండాలి. తియ్యడానికి వీల్లేదు."

ఆ దిండు నేనే కుట్టాను. పాత సోఫాలోంచి తీసిన గట్టి స్పాంజిని చాకుతో మూడు పలకలుగా కోసి, నీలం పువ్వుల చీటీ గుడ్డతో గలీబు వేశాను. ఒకవైపు వెడల్పు, ఒకవైపు సన్నం. సన్నం వైపు తొడల్లోకి వెళ్తే వెడల్పు వైపు మోకాళ్ల దగ్గర కూర్చుంటుంది. రెండు కాళ్లూ బాగా ఎడంగా, గుర్రం ఎక్కినట్టుగా ఉంటాయి. చూడ్డానికి అందంగా ఉండదు. ఆ అందంగా లేకపోవడమే మా కొంప ముంచింది.

నేను బాపట్లలో ఒక ప్రైవేటు కాలేజీలో క్లర్కుని. అద్దె గది మేడ మీద, ఇరవై రెండు మెట్లు. మా ఆయన నిజాంపట్నంలో పడవల ఇంజన్లు బాగుచేస్తాడు, వారంలో సగం రోజులు హార్బరులోనే. పిల్లకి ఏడో ఏడు వచ్చేసరికి నా చంకన ఎత్తుకుని అన్ని మెట్లు దిగి స్కూలుకి చేర్చడం నా వల్ల కాలేదు. మా ఆయనకి ఒక అక్క ఉంది, రేపల్లెలో. నాకు వదిన. ఒంటరి మనిషి, స్కూల్లో టీచరు. ఇల్లు నేలమట్టంగా ఉంటుంది, స్కూలు రెండు వీధుల అవతల. "మా స్కూల్లోనే చేరుద్దాం, నా దగ్గరే ఉంచు అమ్మాయ్" అంది. ఉంచాను. శనివారం సాయంత్రం బాపట్లలో రైలెక్కి, తెనాలిలో దిగి రేపల్లె రైలు పట్టుకుని వెళ్లేదాన్ని. సోమవారం పొద్దున్నే మళ్లీ బాపట్ల. మధ్యలో ఆదివారం వాళ్లిద్దరూ చర్చికెళ్తే, నేను ఇంట్లో వారం పనులు చూసుకునేదాన్ని.

మా వదిన పిల్లని బాగా చూసింది. ఈ ముక్క రాయడానికి నాకు ఇప్పటికీ చెయ్యి రాదు, కానీ అబద్ధం రాయలేను. తల దువ్వి రెండు జడలు వేసేది, ఎక్కాలు నేర్పింది, తన పెట్టెలో మూలనపడ్డ కీబోర్డు తీసి పాటలు నేర్పించింది. తొమ్మిదేళ్లకే మా పిల్ల రెండు చేతులతో ఎంత చక్కగా వాయించేదంటే, ఆ ఏడు క్రిస్మసు నుంచి చర్చిలో వేదిక మీద దాని వీల్ ఛైర్‌కి స్థానం దొరికింది. పాస్టరు గారి పక్కన, జనానికి ఎదురుగా.

ఈ లోపల తెనాలి ఫిజియో అమ్మాయి పెళ్లయి వేరే ఊరు వెళ్లిపోయింది. ఏడాదికోసారి తుంటి ఎక్స్‌రే తీయించమని వెళ్తూ వెళ్తూ చెప్పింది. తీయించడానికి ఒక ఎముకల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాను. ఆయన పిల్లని ముట్టుకోను కూడా లేదు. "నడిచే పిల్ల కాదు కదమ్మా, తుంటి ఎలా ఉంటే ఏంటి?" అన్నాడు. నాకూ ఆ పూట రైలు తొందర. సరేనండి అని వచ్చేశాను. ఆయన మీద నాకున్న కసి చల్లారలేదు. ఆయన ఇంటి ముందు నుంచి వెళ్లాల్సి వస్తే ఇప్పటికీ ఆగి, గేటు వంక ఒకసారి చూసి మరీ వెళ్తాను. ఒకసారి ఆయనే బయటికొచ్చి "ఎవరు కావాలమ్మా?" అనడిగాడు. "మీరేనండి, ఇంకా టైముంది" అని చెప్పి వచ్చాను.

రెండేళ్లు అలా గడిచాయి. తర్వాత ఒక ఆదివారం పిల్ల పరికిణీ అంచు ఒకవైపు దిగి కనిపించింది. గుడ్డ వంకరగా కత్తిరించానేమోనని అంచు విప్పి మళ్లీ కుట్టాను. మరుసటి వారం మళ్లీ వంకరే. కుర్చీలో కూర్చుంటే ఎడమ మోకాలు కుడిదానికంటే లోపలికి ఉంది. అదీ పట్టించుకోలేదు. అప్పటికే పిల్ల ఒకవైపుకి ఒరిగిపోతోంది. పడిపోకుండా ఎడమ చేత్తో కుర్చీ చెయ్యి పట్టుకుని కుడి చేత్తోనే వాయిస్తోంది. నేను చేసిందేంటంటే, దాన్ని తిట్టాను. "రెండు చేతులిచ్చాడు దేవుడు, ఒళ్లు బద్ధకమా నీకు?" అన్నాను. అది చెయ్యి తీసి కీబోర్డు మీద పెట్టింది. పెట్టిన మరుక్షణం పక్కకి వాలిపోయింది. కింద ఒకవైపు పిర్ర మీద ఎర్రగా మచ్చ లేవడం చూసింది ఆ రోజే.

గుంటూరు డాక్టరు ఎక్స్‌రేని లైటు పెట్టె మీద పెట్టి చూపించాడు. కుడివైపు బంతి గిన్నెలో ఉంది. ఎడమవైపు గిన్నె ఖాళీగా ఉంది, బంతి పైన ఎక్కడో పక్కగా ఉంది. నాకు విడమరిచి చెప్పక్కర్లేదు, పుట్టు గుడ్డివాడికైనా తెలుస్తుంది. ఆపరేషన్ చేసి మళ్లీ లోపల కూర్చోబెట్టాలన్నాడు. లేకపోతే నడుము వంకరపోతుంది, కూర్చోవడానికి ఒక చెయ్యి ఎప్పటికీ ఊతానికే పోతుంది, ఆ ఎర్ర మచ్చ మానని పుండవుతుంది. అన్నీ చెప్పాక, ఎక్స్‌రే కోసం తీసి వీల్ ఛైర్ వెనక తగిలించిన దిండు తీసి చేత్తో నొక్కాడు. అది టక్కున పైకి లేచింది.

"ఇది కొత్తదామ్మా?"

"రెండేళ్లు దాటిందండి, పాతది అణిగిపోతే మళ్లీ కుట్టాను."

ఆయన దిండు నా చేతిలో పెట్టాడు.

తెనాలి ప్లాట్‌ఫారం మీద రేపల్లె రైలు కోసం కూర్చుని ఆ దిండుని తిప్పి తిప్పి చూశాను. కుట్టినదాన్ని నేను, నాకు తెలియదా? రోజూ రెండు తొడల మధ్య నలిగే స్పాంజి ఎలా అణిగిపోవాలి? గలీబు రెండు వైపులా ఎలా వెలిసిపోవాలి? పువ్వులు పువ్వుల్లానే ఉన్నాయి. పిల్లని అడిగాను.

"అత్త తీసేస్తుందమ్మా," అంది చాలా మామూలుగా, బిస్కెట్టు తింటూ. "చర్చిలో అందరూ చూస్తారుగా. చున్నీతో మోకాళ్లు దగ్గరికి కట్టి పైన పరికిణీ సర్దుతుంది. స్కూల్లో కూడా. అబ్బాయిల బెంచీలు ఎదురుగా ఉంటాయిగా. నువ్వొచ్చే ముందు శనివారం విప్పి దిండు పెడుతుంది. ఆదివారం చర్చి నుంచి ఇంటికొచ్చే ముందు కూడా."

"మరి నాకెందుకు చెప్పలేదే?"

"నీకు తెలుసుగా?" అంది.

ఆ చివరి మాట నా చెవికెక్కలేదు. శనివారం విప్పి దిండు పెడుతుందన్న దగ్గరే నా ఒళ్లు మండిపోయింది. తెలియక చేసిన తప్పయితే వేరు. నేను వచ్చే టైముకి సర్దిపెట్టిందంటే, తప్పని తెలిసే చేసింది. ఆడపిల్ల మోకాళ్లు ఎడం చేసుకుని కూర్చుంటే ఊళ్లో పరువు పోతుందని, ఆ పరువు కోసం నా పిల్ల ఎముకని గిన్నెలోంచి లాగేసింది. కట్టిన చున్నీ పిల్లకి నొప్పి కూడా పుట్టించలేదు కాబట్టి, ఎవరికీ పాపం అంటలేదు.

అది శుక్రవారం. ఇంటికెళ్లగానే అడిగెయ్యొచ్చు, అడగలేదు. ఇంట్లో అడిగితే ఇంట్లోనే మాసిపోతుంది. పిల్లని నోరు మూసుకోమని చెప్పి, డాక్టరు మందులు రాశాడని చెప్పి, మా వదిన పెట్టిన చింతచిగురు పప్పు తిని, "చాలా బాగుంది వదినా" అన్నాను. శనివారం ఆమె బట్టలు కూడా నేనే ఇస్త్రీ చేశాను, ఆదివారం తెల్లచీర మడతలు ఎక్కడా చెడకుండా. ఆ రెండు రోజులూ నాకు పండగలా ఉంది. అంత ప్రశాంతంగా నా పెళ్లికి ముందు రోజు కూడా లేను.

ఆరాధన అయ్యాక పక్క హాల్లో స్త్రీల కూటం ఉంటుంది. ముప్ఫై మంది దాకా వస్తారు. మా వదిన అందులో పెద్ద, సండే స్కూల్ బీరువా తాళాలు ఆమె బొడ్డులోనే. దేవుడి మేలు గురించి సాక్ష్యం చెప్పేవాళ్లున్నారా అని పాస్టరమ్మ గారు అడగ్గానే లేచాను. సంచీలోంచి ఎక్స్‌రే తీసి కిటికీ రెక్కకి ఆనించి పట్టుకున్నాను. ఎండ బాగా ఉంది, బొమ్మ బ్రహ్మాండంగా కనిపించింది.

"ఇదండి మా అమ్మాయి నడుము. ఇది గిన్నె. ఇందులో ఉండాల్సిన బంతి ఇక్కడుంది. ఎలా వచ్చిందంటారా? మా వదిన గారు రెండేళ్లు నా పిల్ల మోకాళ్లు కట్టేసి, నేనొచ్చేటప్పుడు విప్పారు. మీరందరూ చూసి మెచ్చుకోవాలని. మెచ్చుకోండి."

మా వదిన నెమ్మదిగా లేచింది. నావైపు చూసింది. ఏదో చెప్పబోయి, నా మొహం చూసి ఆగింది. ఆ ఆగడాన్ని నేను భయం అనుకున్నాను.

"నిజమేనండి. నేనే కట్టాను," అంది. బీరువా తాళాలు తీసి పాస్టరమ్మ గారి ముందు బల్ల మీద పెట్టి బయటికి వెళ్లిపోయింది. పెద్దామె, నడకలో ఎప్పుడూ తూలని మనిషి, గుమ్మం దగ్గర చెప్పులు దొరక్క కాసేపు తడుముకుంది.

నాకు జాలి కలిగిందని రాస్తే బాగుంటుంది. కలగలేదు. కడుపు నిండినట్టనిపించింది. ఆ సాయంత్రమే పిల్లని బాపట్ల తీసుకొచ్చేశాను. "అక్క అన్నం మానేసిందే" అని మా ఆయన ఫోన్ చేస్తే, "మంచిది, ఒళ్లు తేలికవుతుంది" అని పెట్టేశాను. తెలిసినవాళ్లు కనిపించినప్పుడల్లా మా వదిన ఎలా ఉందో అడిగేదాన్ని. బాగోలేదని చెప్తే వినడానికి.

ఆపరేషన్‌కి నెల రోజులు వ్యవధి ఉంది. మేడ మీద గదిలో పిల్లకి స్కూలు లేదు, కీబోర్డు లేదు. అది మా వదినది కదా, రేపల్లెలోనే ఉండిపోయింది. మంచం పట్టె మీదే వాయిస్తున్నట్టు వేళ్లు ఆడిస్తూ ఉండేది, కుడి చేత్తో. ఎడమ చెయ్యి ఊతానికి. ఒక సాయంత్రం, "ఆపరేషన్‌కి అత్త రావాలి" అంది.

"చంపుతాను ఆ పేరెత్తితే. నీ కాలు అలా చేసింది ఎవరే?"

పిల్ల చెయ్యి చాపింది. "నీ ఫోన్ ఇవ్వు," అంది.

క్రిస్మసు వీడియో. అది మొదటిసారి వేదికెక్కి వాయించినప్పుడు నేనే తీశాను. కనీసం వంద మందికి చూపించి ఉంటాను. ఎప్పుడూ పాట మొదలైన దగ్గర్నుంచే చూపించేదాన్ని. పిల్ల దాన్ని మొదటి నుంచి పెట్టింది. ముందు నేల కనిపించింది, తర్వాత కుర్చీ చక్రం. ఫోన్ సరిగ్గా పట్టుకోకముందే నొక్కేశానన్నమాట. మా వదిన గొంతు వినిపించింది.

"దిండు తియ్యొద్దని ఫిజియో అమ్మాయి చెప్పిందిగా?"

తర్వాత నా గొంతు, నవ్వుతూ.

"ఒక్క గంటేగా వదినా, ఏం కాదులెండి. వీడియోలో అసహ్యంగా ఉంటుంది. ఇదిగో నా చున్నీ, కాళ్లు దగ్గరికి కట్టెయ్యండి. ఆడపిల్ల కదా."

పాట మొదలైంది. రెండు చేతులూ కీబోర్డు మీద ఆడుతున్నాయి. వేదిక మెట్టు పక్కన నీలం దిండు పడి ఉంది. వంద సార్లు చూసిన వీడియోలో నా కంటికి ఒక్కసారి కూడా ఆనలేదు.

"నీకు తెలుసుగా అన్నానుగా," అంది పిల్ల.

నాకు పిల్ల మీద కోపం వచ్చింది, ఫోన్ మీద కోపం వచ్చింది, ఆ చున్నీ మీద కోపం వచ్చింది. గులాబీ రంగు చున్నీ, ఆ తర్వాత మా వదిన దగ్గరే ఉండిపోయింది. రెండేళ్లు కట్టింది దాంతోనే. అన్ని కోపాలూ తిరిగి తిరిగి చివరికి నా దగ్గరికే వచ్చి కూర్చున్నాయి. నన్ను నేను నిలబెట్టి కడగడానికి కిటికీ ఎక్కడుంది? అద్దం ముందుకెళ్లాను. ఏమీ అనలేకపోయాను. నోరున్న దాన్నని పేరు నాకు.

మా ఆయన చేత మా వదినకి కబురు పెట్టించాను. నేనుగా ఫోన్ చెయ్యలేదు, అంత మంచిదాన్ని కాను.

ఆపరేషన్ అయిన రెండో రోజు వచ్చింది. తొడ ఎముక కోసి, బంతిని లోపల కూర్చోబెట్టి, గిన్నె లోతు చేశారు. నడుము నుంచి రెండు కాళ్ల చివరిదాకా సిమెంటు కట్టు. కాళ్లు రెండూ బారెడు ఎడంగా, మధ్యలో అడ్డంగా కర్ర. పైన దుప్పటి. మా వదిన సగానికి సగం అయిపోయింది. పిల్ల నుదురు నిమిరి, ఆ కర్ర వంక చాలాసేపు చూసింది. నేను వరండాలోకి పిలిచి ఫోన్ తీసి వీడియో పెట్టాను.

"చూడక్కర్లేదమ్మాయ్. అప్పుడు పక్కన నేనే ఉన్నాగా," అంది.

"మరి ఆ రోజు అందరి ముందూ ఎందుకనలేదు? మీరు ఒక్క మాట అంటే నా నోరు మూతపడేదిగా!"

"అందామనే లేచాను. నువ్వొక్క రోజు కట్టమన్నావు, నేను రెండేళ్లు కట్టాను. నీకు తెలియకుండా విప్పి పెట్టాను. అది నీ నెత్తిన ఎలా పెడతాను?" గది వైపు చూసి, "పైగా ఆపరేషన్‌ ముందుంది. పిల్ల ఒకళ్లని నమ్మకపోయినా ఫర్వాలేదు, ఇద్దరినీ నమ్మకపోతే ఎవరి చెయ్యి పట్టుకుంటుంది?" అంది.

ఆ మాటకి నేను కరిగిపోయి ఆమె మీద పడి ఏడవలేదు. ఇంకా మండింది. నేను అన్ని రోజులు నూరి పెట్టుకున్న పగని ఆమె అంత నిదానంగా మోసేసరికి, నా చేతుల్లో ఏమీ మిగల్లేదు. ఆ శనివారాలని నేను క్షమించలేదు. నా క్రిస్మసు గంటనీ క్షమించలేదు. ఇద్దరం బెంచీ మీద ఆ చివరా ఈ చివరా కూర్చుని ఆసుపత్రి ఇడ్లీలు తిన్నాం.

కట్టు విప్పాక పిల్ల తిన్నగా కూర్చుంది. ఎడమవైపు మళ్లీ జారొచ్చు, కుడివైపు కూడా జారొచ్చు, ఏటేటా చూపించుకోవాలని డాక్టరు చెప్పాడు. ఈసారి కొత్త దిండు కుట్టాను. గుడ్డలకొట్టులో ఉన్నవాటిలో అన్నిటికంటే ఎర్రటి గుడ్డ అడిగి తీసుకున్నాను. చివరి వరుసలో కూర్చున్న ముసలమ్మకి కూడా కనపడాలి. ఎవరైనా ఒక్క మాటంటే చాలు, ఎక్స్‌రే సంచీలోనే ఉంది. ఈసారి ఫోన్ కూడా ఉంది, వీడియో మొదటి నుంచి పెట్టి చూపించి, ముందు నన్ను నేను కడుక్కుని తర్వాత వాళ్ల పని పడదామని సిద్ధంగా ఉన్నాను.

పోయిన నెల మళ్లీ వేదికెక్కించాం. కాళ్లు బారెడు ఎడంగా, మధ్యలో మంటలాగా దిండు, రెండు చేతులూ కీబోర్డు మీద. నేను మొదటి వరుసలో ఈ చివర, మా వదిన ఆ చివర. పాట సగంలో వెనక నుంచి ఎవరో గుసగుసగా అన్నారు, "ఆడపిల్లని అలా కూర్చోబెట్టారేంటండి, పైనేదైనా కప్పొచ్చుగా."

ఎన్ని నెలల నుంచి ఈ మాట కోసమే కాచుకుని కూర్చున్నాను! సంచీలో చెయ్యి పెట్టి గిర్రున తిరిగాను. అప్పటికే మా వదిన లేచి నిలబడి ఉంది. ముప్ఫై ఏళ్లు పిల్లల్ని భయపెట్టిన ఆ టీచరు గొంతుతో, పాట కూడా ఆగిపోయేంత గట్టిగా అంది.

"కప్పం. కప్పి ఒకసారి ఆ కాలు పోగొట్టింది నేనే. చూడ్డం ఇష్టం లేకపోతే మీరే కళ్లు మూసుకోండి."

పిల్ల ఒక్క క్షణం ఆగి, మళ్లీ రెండు చేతులతో అందుకుంది. నేను సంచీలోంచి చెయ్యి తీసుకున్నాను. కనీసం ఆ తిట్టయినా నాకు మిగల్చలేదు మా వదిన.